టాస్‌కో ధర, వేలెత్తాక పోయే ఫోర్, విరిగిన చెయ్యి: క్రికెట్‌లో మార్చాల్సిన నియమాలు

మీరడిగింది ఇది: క్రికెట్ ఇంకాస్త న్యాయంగా, ఇంకాస్త రక్తి కట్టేలా ఉండాలంటే ఏ కొత్త నియమాలు పెట్టాలి, వాటిలో మీ కాలనీ టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌కు పనికొచ్చేవి ఉన్నాయా అని.

సూటిగా చెప్పేస్తాను. నేనైతే నాలుగు మారుస్తాను. అంపైర్ పొరపాటున ఔటిచ్చి, రివ్యూలో నాటౌట్ అయితే ఆ బంతికి వచ్చిన పరుగులు పోకూడదు. మంచు కురిసే రాత్రి మ్యాచ్‌లలో టాస్ గెలిచిన కెప్టెన్ ఎంచుకోకూడదు, ఒక ధర చెప్పాలి. ఎంచుకునేది రెండో కెప్టెన్. మ్యాచ్‌లో తగిలిన పెద్ద దెబ్బకు బదులు ఆటగాణ్ని ఇవ్వాలి. టీ20లో ఇంపాక్ట్ ప్లేయర్‌ను (మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దింపే అదనపు ఆటగాణ్ని) తీసేసి, ఇద్దరు బౌలర్లకు 5 ఓవర్లు వేసే వీలు కల్పించాలి. మిగతావి చిన్న మరమ్మతులు. కాలనీ సంగతి చివర్లో విడిగా రాశాను.

కొత్త నియమం ఎవరు ప్రతిపాదించినా ముందు ఒక్క సంగతి చూడాలి. అది ఆటగాళ్ల చేతిలో లేనిదాన్ని తగ్గిస్తోందా, లేక వాళ్ల కష్టం విలువనే తగ్గిస్తోందా? టాస్, మంచు, వాన, అంపైర్ పొరపాటు ఆటగాళ్ల చేతిలో ఉండవు. వాటి పెత్తనం ఎంత తగ్గితే అంత మంచిది. పిచ్ మీద పగుళ్లు, పాతబడే బంతి, ఎదురుగాలి అలా కాదు. వాటిని వాడుకోవడమే నైపుణ్యం. వాటి జోలికి పోకూడదు.

రివ్యూలో నాటౌట్ అయితే ఆ పరుగులు కూడా రావాలి

ఇప్పుడున్న పద్ధతిలో అంపైర్ ఔటని ప్రకటించగానే బంతి డెడ్, అంటే ఆ బంతికి ఆట ముగిసినట్టే. తర్వాత డీఆర్ఎస్‌లో (అంపైర్ నిర్ణయంపై జట్టు కోరే టీవీ రివ్యూలో) నాటౌట్ అని తేలినా, మొదటి నిర్ణయం ఇచ్చినప్పుడే బంతి డెడ్ అయినట్టు లెక్క. బ్యాటర్ వికెట్ నిలుస్తుంది, పరుగులు మాత్రం దక్కవు. నోబాల్ అయితే ఆ అదనపు పరుగు ఒక్కటే ఇస్తారు.

2024 జూన్ 10న న్యూయార్క్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ మ్యాచ్ చూడండి. దక్షిణాఫ్రికా 113 కొట్టింది. బంగ్లాదేశ్ ఛేదనలో 17వ ఓవర్లో బార్ట్‌మన్ వేసిన బంతి మహ్మదుల్లా ప్యాడ్‌కు తగిలి బౌండరీ దాటింది. అంపైర్ ఎల్బీడబ్ల్యూ ఇచ్చారు. రివ్యూలో బంతి స్టంప్స్‌కు తగలదని తేలింది. మహ్మదుల్లా క్రీజులోనే ఉన్నాడు గానీ నాలుగు లెగ్‌బైలు (బ్యాట్‌కు కాక ఒంటికి తగిలి వచ్చే పరుగులు) బోర్డుకెక్కలేదు. బంగ్లాదేశ్ 109 దగ్గర ఆగిపోయి సరిగ్గా 4 పరుగుల తేడాతో ఓడింది. ఆ నాలుగూ వచ్చి ఉంటే మిగతా ఆట ఎలా నడిచేదో ఎవరూ చెప్పలేరు. కానీ పొరపాటు చేసింది అంపైర్, నష్టపోయింది బ్యాటింగ్ జట్టు. దీన్ని సమర్థించే వాదన నాకెక్కడా కనిపించదు.

మార్చడం కష్టమంటారు. కష్టమేమీ లేదు, పని మూడొంతులు అంపైర్ చేతిలోనే ఉంది. అప్పీల్ రాగానే వేలెత్తకుండా, బంతి బౌండరీకి వెళ్లేదాకా లేదా ఫీల్డర్ చేతిలో స్థిరపడేదాకా ఆగి అప్పుడు నిర్ణయం చెప్పాలి. మూడు నాలుగు సెకన్ల పని. క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ 20వ నియమం ప్రకారం బ్యాటర్ ఔటైతే, ఔటుకు కారణమైన ఘటన జరిగిన క్షణం నుంచే బంతి డెడ్. అంటే నిర్ణయం ఆలస్యమైనంత మాత్రాన, ఔట్ నిలబడితే మధ్యలో తీసిన పరుగులు లెక్కలోకి రావు. ఎవరికీ నష్టం లేదు. ఔట్ నిలబడకపోతే జరిగిన ఆట జరిగినట్టే ఉంటుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. అంపైర్ అలవాటు కొద్దీ వెంటనే వేలెత్తేస్తే ఫీల్డర్లు ఆగిపోతారు, బ్యాటర్లు కూడా పరుగు ఆపేస్తారు. అప్పుడు సింగిలా, రెండు పరుగులా అని మూడో అంపైర్ ఊహించకూడదు. అందుకే అలాంటి బంతికి ఒకే మినహాయింపు రాయాలి: ఏ ఫీల్డరూ అందుకునే దూరంలో లేకుండా బంతి నేరుగా తాడు తాకితే నాలుగు, మిగతా ఏ సందర్భంలోనైనా సున్నా. ఇంకో చిక్కు రనౌట్. ఆగి నిర్ణయం చెప్పే పద్ధతిలో ఎల్బీడబ్ల్యూ తప్పని తేలిన బంతికే రనౌట్ అయితే, ఆ రనౌట్ చెల్లాలి. పరుగులు కావాలన్నప్పుడు ఆ ప్రమాదమూ ఒప్పుకోవాలి. ఇక ఫీల్డర్లు అంపైర్ వైపు తిరగకుండానే సంబరాలు చేసుకోవడం దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే బంతి ఇంకా బతికే ఉంటుంది.

లెగ్‌బైలనే తీసేస్తే ఈ గొడవ చాలావరకు ఉండదని కొందరంటారు. నిజమే గానీ, బ్యాట్ అంచుకు తగిలి ప్యాడ్ మీదుగా ఫోర్ పోయిన బంతికి అదే అన్యాయం మిగిలిపోతుంది.

అదే డీఆర్ఎస్‌లో అందరూ తీసెయ్యమనే ‘అంపైర్స్ కాల్’ను (తేడా స్వల్పమైతే మైదానంలోని అంపైర్ చెప్పిందే నిలవడాన్ని) మాత్రం నేను ఉంచమంటాను. ప్యాడ్‌కు తగిలిన తర్వాత బంతి దారి ఎవరూ చూసింది కాదు, లెక్కగట్టింది. బంతి పిచ్ అయిన వెంటనే ప్యాడ్‌కు తగిలినా, బ్యాటర్ బాగా ముందుకొచ్చి ఆడినా ఆ లెక్కకు దొరికే ఆధారం తక్కువ. బంతి వ్యాసం 7 సెంటీమీటర్ల పైచిలుకు. అందులో సగానికి పైగా స్టంప్స్‌కు తగిలితేనే నాటౌట్‌ను ఔట్‌గా మారుస్తారు. ఈ జాగ్రత్త అవసరం. 2017 నుంచి అంపైర్స్ కాల్ వస్తే రివ్యూ పోవట్లేదు కాబట్టి జట్టుకు పెద్ద నష్టమూ లేదు.

టాస్: ఒకరు కొయ్యాలి, ఇంకొకరు ఎంచుకోవాలి

2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ప్రపంచకప్ ఫైనల్‌తో మొదలై భారత్ వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడింది. 2025 డిసెంబర్ 6న విశాఖలో కేఎల్ రాహుల్ గెలిచేదాకా అదే వరస. నాణెం అలా 20 సార్లు ఒకవైపే పడే అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ. రాత్రి మంచు పడే మైదానాల్లో టాస్ ఓడటమంటే తడి బంతితో బౌలింగ్ చేయడమే. తడిసిన బంతి స్పిన్నర్ వేళ్ల మధ్య నిలవదు, యార్కర్ వేయబోతే ఫుల్‌టాస్ అవుతుంది, పిచ్ మీద ఆగకుండా జారి నేరుగా బ్యాట్ మీదికి వస్తుంది. 2021 టీ20 ప్రపంచకప్‌లో రెండు సెమీఫైనల్స్, ఫైనల్ మూడింటిలోనూ ఛేదించిన జట్టే గెలిచింది.

ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. ఇంగ్లండ్ కౌంటీల్లో 2016 నుంచి 2019 దాకా పర్యాటక జట్టు కోరుకుంటే టాస్ లేకుండానే ముందు బౌలింగ్ తీసుకునేది. మన అండర్-23 సీకే నాయుడు ట్రోఫీలో 2024-25లో టాస్ తీసేసి ఎంపిక పర్యాటక జట్టుకే ఇచ్చారు. ఐపీఎల్ 2025లో రాత్రి మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లో 10 ఓవర్లు అయ్యాక బౌలింగ్ జట్టు ఒకసారి బంతి మార్పు కోరవచ్చన్నారు. బంతి మార్పు మంచిదే. కానీ ఇచ్చేది కొత్త బంతి కాదు, దాదాపు అంతే అరిగిన పొడి బంతి. అవుట్‌ఫీల్డ్ తడిగానే ఉంటుంది కాబట్టి అదీ రెండు మూడు ఓవర్లలో తడిసిపోతుంది.

ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే మామిడిపండు ఉంటే అమ్మ ఏం చేస్తుంది? ఒకడు కొయ్యాలి, ఇంకొకడు ముందు తీసుకోవాలి అంటుంది. కోసేవాడు సమానంగా కోసి తీరతాడు. టాస్‌లోనూ అదే చేయవచ్చు.

టాస్ గెలిచిన కెప్టెన్ ఒక అంకె చెప్తాడు, ఉదాహరణకు 12. దాని అర్థం, ముందు బ్యాటింగ్ చేసే జట్టు స్కోరుకు 12 పరుగులు కలుస్తాయని. ఆ 12 పుచ్చుకుని ముందు బ్యాటింగ్ చేయాలా, 12 ఎక్కువ లక్ష్యాన్ని ఛేదించాలా అనేది రెండో కెప్టెన్ ఎంచుకుంటాడు. మంచు బాగా పడే రోజున 3 అని చెప్తే ప్రత్యర్థి హాయిగా ఛేదన తీసుకుంటాడు. భయపడి 30 అంటే ఆ 30 తనే జేబులో వేసుకుని ముందు బ్యాటింగ్‌కు దిగుతాడు. కాబట్టి నిజంగా ఎంత తేడా ఉందనిపిస్తే అంతే చెప్పాలి. ముందు బ్యాటింగే మేలైన మధ్యాహ్నపు మ్యాచ్‌లో అంకె మైనస్ కూడా కావచ్చు.

దీనికి కొన్ని సంగతులు ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే మధ్యలో గొడవే. ఈ పరుగులు స్కోరుకార్డులో పెనాల్టీ ఎక్స్‌ట్రాల కింద రాయాలి. మైనస్ అయితే మొదటి జట్టు స్కోరు ముట్టుకోకుండా ఛేదించే జట్టు ఖాతాలో వేయాలి. నెట్ రన్‌రేట్‌లో లెక్కించకూడదు. వానకు ఓవర్లు తగ్గితే ధర కూడా అదే పాళ్లలో తగ్గాలి. 20 ఓవర్లకు 12 అయితే 10 ఓవర్లకు 6. డీఎల్ఎస్ (వానకు ఓవర్లు పోతే లక్ష్యాన్ని సవరించే పద్ధతి) లెక్క వేసేముందే ఆ తగ్గిన ధరను మొదటి ఇన్నింగ్స్ స్కోరుకు కలపాలి. తుది జట్ల జాబితా టాస్ తర్వాతే ఇవ్వాలి. మొదటి సీజన్‌లో 25 దాటకుండా హద్దు పెడితే కెప్టెన్లకు చేయి తిరుగుతుంది. బ్యాట్‌తో కొట్టని పరుగులు బోర్డు మీద ఎలా అని కొందరు నొచ్చుకోవచ్చు. వికెట్ కీపర్ వెనక పెట్టిన హెల్మెట్‌కు బంతి తగిలితే 5 పరుగులు ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాం కదా.

టెస్టులకు ఇంత అక్కర్లేదు. మొదటి టెస్టుకు నాణెం, తర్వాత ఒక్కో టెస్టుకు ఒక్కో కెప్టెన్‌కు వంతులవారీగా ఎంపిక. సిరీస్‌లో బేసి సంఖ్య ఉంటే ఆఖరి టెస్టుకు మళ్లీ నాణెం వేస్తే సరిపోతుంది.

విరిగిన చేత్తో బ్యాటింగ్ చేయించకూడదు

2023 రంజీ క్వార్టర్‌ఫైనల్లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ చేతి ఎముక విరిగింది. కుడిచేతివాటం బ్యాటర్ ఎడమచేతివాటంగా నిలబడి, ఒక్క చేత్తో బ్యాట్ ఊపాడు. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో భారత్ మీద భుజం జారిన ఇంగ్లండ్ ఆటగాడు క్రిస్ వోక్స్ చెయ్యి స్వెట్టర్ లోపల కట్టుకుని నాన్‌స్ట్రైకర్‌గా వచ్చాడు. సిరాజ్ అట్కిన్సన్‌ను బౌల్డ్ చేశాక భారత్ 6 పరుగులతో గెలిచింది. ఆ ఇద్దరి ధైర్యానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఒక జట్టు పదిమందితో ఆడటం ఎదుటి జట్టు సంపాదించుకున్న ఆధిక్యం కాదు.

తలకు దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ని 2019 నుంచి ఇస్తున్నారు. 2025-26 నుంచి బీసీసీఐ బహుళదిన దేశవాళీ మ్యాచ్‌లలో తీవ్రమైన బయటి గాయాలకూ ఇస్తోంది. అంతర్జాతీయ టెస్టుల్లోనూ ఇది రావాలి. దీనికి వ్యతిరేకంగా చెప్పే మాట ఒక్కటే బలమైనది: స్కాన్ తీస్తే ఏ ఫాస్ట్ బౌలర్ మోకాలిలోనైనా ఏదో ఒక వాపు కనిపిస్తుంది, అలసిన బౌలర్‌ను తీసి తాజా బౌలర్‌ను దింపుతారు అని. అందుకే హద్దులు గట్టిగా ఉండాలి. కండరం పట్టేయడం, నడుంనొప్పి చెల్లవు. మైదానంలో తగిలిన దెబ్బ వల్ల ఎముక విరగడం, కీలు జారడం, లోతుగా తెగడం మాత్రమే. ఏ జట్టుకూ చెందని డాక్టర్ చూడాలి, రిఫరీ ఒప్పుకోవాలి. బౌలర్‌కు బౌలర్, కీపర్‌కు కీపర్. బయటికి వెళ్లినవాడు కనీసం 7 రోజులు ఏ మ్యాచ్ ఆడకూడదు. ఈ చివరిదే అసలు తాళం. వెంటవెంటనే టెస్టులు పడే ఈ రోజుల్లో, తర్వాతి మ్యాచ్ పోతుందంటే ఎవరూ దొంగ గాయం చూపించరు.

బౌలర్‌కు ఐదో ఓవర్

2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 277, ముంబై 246. ఒక్క మ్యాచ్‌లో 523 పరుగులు, 38 సిక్సర్లు. అప్పుడప్పుడైతే పండగే. కానీ ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చాక ఇది అలవాటైపోతోంది. కారణం తేలిక. టీ20లో 120 బంతులకు 10 వికెట్లు ఉంటాయి. వికెట్ పోతుందన్న భయమే బ్యాటర్‌ను ఆపేది. ఎనిమిదో స్థానంలోనూ అసలు సిసలు బ్యాటర్ ఉంటే ఆ భయం ఉండదు, మొదటి బంతి నుంచే ఊపుతారు. పైగా రెండు పనులూ చేసే ఆల్‌రౌండర్‌కు బంతి ఇవ్వాల్సిన అవసరం కెప్టెన్‌కు తప్పిపోతుంది. 2022-23లో ఈ నియమాన్ని మొదట పరీక్షించిన సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ నుంచి బీసీసీఐ 2024లో తీసేసింది. ఐపీఎల్‌లోనూ అదే చేయాలి.

దాని బదులు బౌలర్‌కు ఏదైనా ఇవ్వండి. మంచి బ్యాటర్ 120 బంతులూ ఆడవచ్చు, మంచి బౌలర్‌కు 24 బంతులే. ఇద్దరు బౌలర్లకు 5 ఓవర్ల వీలు ఇస్తే లెక్క 5, 5, 4, 4, 2. ఐదో బౌలర్ అవసరం ఇంకా ఉంటుంది. ఇద్దరికి మించి ఇవ్వకూడదు. ముగ్గురికిస్తే ఐదోవాడికి ఒక్క ఓవరే మిగులుతుంది, నలుగురికిస్తే నలుగురు బౌలర్లతోనే 20 ఓవర్లు పూర్తయిపోయి మళ్లీ ఇంకో బ్యాటర్ జట్టులోకి దూరతాడు. ఇద్దరికే ఇస్తే బుమ్రా లాంటివాడి ఐదో ఓవర్ పవర్‌ప్లేలోనా (మొదటి ఆరు ఓవర్లలోనా), 19వ ఓవర్లోనా అని కెప్టెన్ తల పట్టుకోవాలి. చూసేవాళ్లకు ఆసక్తి అక్కడుంది.

వన్డేల్లో ఈ దిశగా మంచి మార్పు 2025లో వచ్చేసింది. రెండు కొత్త బంతులు 34 ఓవర్ల దాకే, తర్వాత వాటిలో ఒక్కటే. 2011 నుంచి ఏ బంతీ 25 ఓవర్లకు మించి పాతబడేది కాదు. ఇప్పుడు చివర్లో రివర్స్ స్వింగ్‌కు కాస్త చోటు దొరికింది.

చిన్నవి రెండు. నెమ్మదిగా ఓవర్లు వేసినందుకు పాయింట్లు కోసే పద్ధతి నాకు నచ్చదు. 2020 మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియాకు 4 పాయింట్లు పోయి డబ్ల్యూటీసీ (ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్) ఫైనల్ చేజారింది. లాభపడింది ఆ టెస్టు ఆడిన భారత్ కాదు, న్యూజిలాండ్. శిక్ష అదే మ్యాచ్‌లో, ఎదుటి జట్టుకు పరుగులుగా రావాలి. ఓవర్ల మధ్య 60 సెకన్ల గడియారం, రెండు హెచ్చరికల తర్వాత కూడా దాటితే 5 పరుగుల పెనాల్టీ అన్నది ఆ దారిలోనిదే. రెండోది, ఫీల్డర్ విసిరిన బంతి బ్యాటర్‌కు తగిలి బౌండరీకి పోవడం. 2019 ప్రపంచకప్ లార్డ్స్ ఫైనల్లో ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ బ్యాట్‌కు తగిలి పోయిన బంతికి 6 పరుగులు ఇచ్చారు. విసిరేటప్పటికి బ్యాటర్లు రెండో పరుగుకు ఒకరినొకరు దాటలేదు కాబట్టి నియమం ప్రకారం రావాల్సింది 5. అసలు అలాంటి బంతి తగిలిన క్షణమే డెడ్ కావాలి, అప్పటిదాకా వచ్చిన పరుగులే లెక్క. ఫీల్డర్ కావాలనే బ్యాటర్‌ను కొడితే 5 పెనాల్టీ.

ఇక మీ కాలనీ టోర్నమెంట్

డీఆర్ఎస్ లేదు, డీఎల్ఎస్ లేదు. కాబట్టి అంపైర్ వివేకానికి వదిలేసేవి వీలైనన్ని తగ్గించండి.

అంపైర్లు బ్యాటింగ్ జట్టు నుంచి వద్దు. తర్వాతి మ్యాచ్ కోసం కూర్చున్న జట్టు నుంచి ఇద్దర్ని పెట్టండి. సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి.

వైడ్‌కు సున్నంతో గీత గీయండి. మిడిల్ స్టంప్ నుంచి ఆఫ్ వైపు 89 సెంటీమీటర్లు. పరిమిత ఓవర్ల క్రికెట్‌లో వాడే కొలత అదే. రెండు వైపులా గీస్తే ఎడమచేతివాటం వాళ్లకూ సరిపోతుంది. గీత పాపింగ్ క్రీజు (బ్యాటర్ నిలబడే ముందు గీత) దాకా రావాలి. స్టంప్స్ దగ్గరే ఆపేస్తే బంతి దాటేటప్పుడు అంపైర్‌కు కనపడదు.

ఎల్బీడబ్ల్యూ పెట్టకపోతే కాళ్లతో ఆడేవాళ్లు తయారవుతారు, పెడితే కొట్లాటలవుతాయి. మధ్యేమార్గం ఉంది. బ్యాట్ ఊపకుండా స్టంప్స్‌కు అడ్డంగా కాలు పెడితే మొదటిసారి హెచ్చరిక, అదే బ్యాటర్ రెండోసారి చేస్తే ఔట్. ఊపి తప్పితే ఔట్ లేదు.

చెయ్యి వంచి విసిరేవాళ్లతో పెద్ద తలనొప్పి. వంచిన మోచెయ్యి నియమం ఒప్పుకునే 15 డిగ్రీలకు మించి చాచుకుంటోందా అన్నది కంటితో కొలవలేం. ఇద్దరు అంపైర్లూ ఒప్పుకుంటే ఆ బౌలర్ ఆ రోజుకు స్పిన్ మాత్రమే, మూడు అడుగుల రనప్‌తో వేయాలి. పూర్తిగా ఆపేస్తే మ్యాచ్ వదిలేసి పోతామంటారు, ఇలా అయితే ఒప్పుకుంటారు.

వానొస్తే తక్కువ పరుగులొచ్చిన ఓవర్లు కొట్టేసే పద్ధతి అస్సలు వద్దు. 1992 ప్రపంచకప్ సిడ్నీ సెమీస్‌లో దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 కావాల్సినది, ఆట మొదలయ్యేసరికి ఒక్క బంతికి 21 అయింది ఆ లెక్కతోనే. ఉత్త రన్‌రేట్ అయితే ఛేదించే జట్టుకు లాభం, తక్కువ ఓవర్లకు పది వికెట్లూ ఉంటాయి. ఓవర్లతో పాటు వికెట్లూ తగ్గించండి. 12 ఓవర్లలో మొదటి జట్టు 96 కొట్టింది, ఛేదనకు 8 ఓవర్లే మిగిలాయనుకోండి. 64 సమానం, లక్ష్యం 65. వికెట్లు 10లో మూడింట రెండొంతులు, అంటే దగ్గరి అంకెకు 7. ఏడో వికెట్ పడితే ఆలౌట్. డీఎల్ఎస్ అంత కచ్చితం కాదు గానీ కాగితం మీద అర నిమిషంలో తేలుతుంది.

టాస్‌కు ధర చెప్పే పద్ధతి మీకూ పనికొస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌లో రెండో బ్యాటింగ్‌కు వెలుతురు తగ్గుతుంది కదా. కాబట్టి అంకె మైనస్ అవుతుంది, 10 ఓవర్లకు 3 నుంచి 6 పరుగుల మధ్య తేలుతుంది.

టై అయితే వెలుతురుంటే సూపర్ ఓవర్. లేకపోతే ఖాళీ స్టంప్స్‌కు ఐదుగురు తలా ఒక బంతి వేయడం. 2007 టీ20 ప్రపంచకప్‌లో డర్బన్‌లో భారత్ పాకిస్తాన్ మీద అలాగే గెలిచింది. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

బంతి ఎవరింటి కాంపౌండ్‌లోనైనా పడితే డెడ్ బాల్ అనండి. నేరుగా పడితే 6 కాదు, 2. పెద్ద షాట్ కొట్టేవాడు మైదానం పొడవున్న వైపు కొడతాడు, కిటికీలూ మిగులుతాయి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, మొదటి మ్యాచ్‌కు ముందే అన్ని జట్ల కెప్టెన్లతో సంతకం పెట్టించి స్కోరర్ దగ్గర ఉంచండి. మధ్యలో ఎవరు కొత్త నియమం చెప్పినా అది తర్వాతి టోర్నమెంట్ నుంచే.